గాలి తగలకూడని గోడ

ఆ రైల్వే స్టేషన్ పాత వెయిటింగ్ హాల్లో పడమటి గోడ మీది బొమ్మను వేలితో తాకితే వేలికి రంగంటేది. తడి సున్నం మీద గీసిన బొమ్మ అది. రైలెక్కడానికి తోసుకుంటున్న జనం, మూటలు, గొడుగులు, ఏడుస్తున్న పసివాళ్లు. బొమ్మ వేశాక ఇరవై ఏళ్లపాటు దాని పక్కనే పొగబండ్లు ఆగాయి. బొగ్గుపొగలోని గంధకం గోడలోకి దిగి, సున్నాన్ని కాస్తా జిప్సం చేసి పారేసింది. జిప్సం అంటే బడిలో మాస్టారి చేతిలో అరిగిపోయే చాక్‌పీసు సరుకే. చాక్‌పీసు మీద బొమ్మ ఎన్నాళ్లని నిలుస్తుంది?

ఇంజనీరు గారు వచ్చి గోడకి ఒక టేపు ముక్క అంటించి పీకారు. టేపు నిండా ఎర్రరంగు. దాన్ని భద్రంగా ఫైల్లో పెట్టుకున్నారు.

“నెల్రోజులమ్మా. మళ్లీ ఇదే టేపు, ఇదే గోడ. రంగు ఊడొచ్చిందో, చెక్కించేసి టైల్సు వేయిస్తా.”

ఆయన ఆ మాట అన్నది పాత గోడబొమ్మలు బాగుచేసే ఆవిడతో. ఆమె బొమ్మలో కింది మూలకేసి చూసింది. అక్కడ బకెట్టు మోస్తూ ఏడేళ్ల పిల్ల, ఎర్ర గౌను. ఆ రోజుల్లో ఈ గోడకి సున్నం పూసిన తాపీమేస్త్రీ కూతురు. బొమ్మ వేసినాయన ఎదురుగా తిరుగుతున్న పిల్లని ఊరికే వదలకుండా గుంపులో కలిపేశాడు. ఆ పిల్లే ఈవిడ తల్లి. అమ్మకి చిన్నప్పటి ఫొటో అంటూ ఏదైనా ఉంటే ఈ గోడే.

సాయానికి మేనమామ వచ్చాడు. తండ్రి తాపీ అందుకున్న మనిషి, చేతిపనికి వంక పెట్టలేం. నోటికి మాత్రం తాళం లేదు.

మొదట అమ్మోనియం కార్బొనేట్ కలిపిన కాగితం గుజ్జు ఒకరోజు పట్టు వేసింది ఆవిడ. దాంతో జిప్సం తిరిగి సున్నపురాయి అవుతుంది గానీ, గంధకం సరుకు గోడలోనే ఉప్పై దాక్కుంటుంది. దాని పీచమణచడానికి బేరియం హైడ్రాక్సైడ్. కాచి చల్లార్చిన నీళ్లలో ఆ తెల్లపొడి కరిగించి, గుజ్జులో కలిపి, బొమ్మ మీద పల్చటి టిష్యూ కాగితం పరిచి, దాని మీద అంగుళం మందాన మెత్తింది. పైన ప్లాస్టిక్ షీటు, అంచులకి టేపు. మూడు రోజులు కదపకూడదు.

గంటలో హాలంతా ఘాటు.

“ఏంటే ఈ కంపు! గోడకి వైద్యం చేస్తున్నావా, మరుగుదొడ్డి తలుపు తీశావా?”

“ఆ కంపు వస్తేనే పని జరుగుతున్నట్టు మామయ్యా. బేరియం గంధకాన్ని పట్టుకుని నీళ్లలో కరగని రాయి అయిపోతోంది. అమ్మోనియా బయటికి పోతోంది.”

“కరగదని నీకు రాసిచ్చారా?”

“పోయినేడాది కడుపు ఎక్స్‌రేకి ముందు గ్లాసుడు తెల్లమందు తాగావుగా? అది ఈ రాయి పొడే. నీ కడుపులోనే కరగనిది గోడలో కరుగుతుందా?”

మామయ్య పొట్ట నిమురుకున్నాడు. “ఓర్నీ! అయితే నాకు లోపలంతా పూత పూసేశారన్నమాట.”

“రాయి అయ్యాక భయం లేదు. ఈ నీళ్లు మాత్రం పచ్చి విషం. గ్లౌజులు తీశావో, అమ్మకి చెప్తా.”

మామయ్య ఈ భూమ్మీద భయపడేది అక్కకొక్కదానికే. గ్లౌజులు తీయలేదు.

రెండోరోజు ఆవిడ భోజనం చేసి వచ్చేసరికి కింది మూల ప్లాస్టిక్ మడిచి ఉంది. గుజ్జు పక్కకి జరిగి, టిష్యూ మీద తెల్లటి పెచ్చు కట్టింది. ఎర్ర గౌనూ లేదు, పిల్లా లేదు.

“ఎవరు తీశారు?”

“నేనే. సున్నప్పనికి గాలాడాలే అమ్మాయ్. మీ తాత కిటికీలు మూయనిచ్చేవాడా? ఊపిరాడక గోడ పాడవుతుందని కాస్త...”

ఆవిడ మిగిలిన బేరియం నీళ్లు కొంచెం గిన్నెలో పోసి ఆయన ముందు పెట్టింది. “ముట్టుకోకు. చూస్తూ ఉండు.”

అద్దంలాంటి నీళ్ల మీద చూస్తుండగానే పాల మీద మీగడలా తెల్లటి పొర కట్టింది.

“గాలిలోని బొగ్గుపులుసు వాయువు తగిలితే చాలు, దీనికి ఆకలి ఆగదు. లోపలికి దిగి పనిచేయాల్సింది గుమ్మంలోనే గాలి తిని కూర్చుంది.”

మామయ్య గిన్నె మీదికి వంగాడు. “అక్కని నేనే చెరిపేశానా?” అన్నాడు.

ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని టిష్యూ అంచు పట్టుకుంది. వెంట్రుకవాసి చొప్పున లాగింది. పెచ్చులో ముప్పాతిక కాగితంతోపాటే లేచొచ్చింది. మిగిలిన మసకని మెత్తటి కుంచెతో సాయంత్రందాకా దులిపింది. ముందు బకెట్టు, తర్వాత గౌను, ఆఖరికి ముక్కు.

“ఉంది మామయ్యా!”

డబ్బాలో పొడి ఆ మూలకి ఒక్కసారికి సరిపోయేంతే మిగిలింది. మళ్లీ మెత్తి, మళ్లీ మూసింది. ఈసారి మామయ్య స్టూలు తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఊడ్చే ఆవిడ ఆ పక్కకొస్తే, “అక్కడే ఆగు తల్లీ, నీ చీపురు గాలి కూడా తగలకూడదు,” అని కసిరాడు.

ఆ మూలకీ మూడు రోజులు నిండి, గుజ్జంతా తీశాక ఆవిడే చెప్పింది: “ఇప్పుడు కిటికీలన్నీ తెరువు. లోపల మిగిలిన బేరియం ఇక మెల్లగా గాలి తిని గట్టిపడాలి.”

“నేను చెప్పింది అదేగా!”

“చెప్పావు. మూడ్రోజులు ముందు చెప్పావు.”

నెల నిండింది. ఇంజనీరు గారు ఫైలుతో వచ్చారు. ఆ రోజు అమ్మ కూడా వచ్చింది. ఆయన గోడంతా కలియజూసి, సరిగ్గా ఆ మూలకే వెళ్లి, పిల్ల మొహం మీద టేపు అంటించి బొటనవేలితో రుద్దారు. మామయ్య కళ్లు మూసుకున్నాడు.

టేపు చర్రుమంది.

ఇంజనీరు గారు దాన్ని కిటికీ వెలుగులో పెట్టారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. పాత టేపు పక్కన పెట్టారు. ఒకటి ఎర్రగా ఉంది, ఒకటి అద్దంలా ఉంది. ఊరుకోలేక ఇంకో మూడుచోట్ల పీకారు. నాలుగూ అద్దాలే.

“టైల్సు బాత్రూములకి పంపించేస్తానమ్మా,” అని నవ్వి, సంతకం పెట్టారు.

మామయ్య ఈల వేశాడు. హాలు మారుమోగి, ప్లాట్‌ఫారం మీది జనం రైలొచ్చిందేమోనని లేచి నిలబడ్డారు.

అమ్మ మాత్రం కళ్లజోడు సవరించుకుని, వంగి, అరవై ఏళ్ల కిందటి తన మొహంలోకి చూసుకుంది.

“అంతా బాగానే ఉంది గానీ, ఆ బొమ్మలాయన నా ముక్కు ఇంత లావు వేశాడేమే?”

“మేం చేసింది గట్టిపరచడమేనక్కా,” అన్నాడు తమ్ముడు, “చెక్కడం కాదు.”