ఒడ్డు తవ్వి పరిచిన రోడ్డు

వాతావరణ మార్పు గురించి మాట్లాడడానికి అధ్యక్ష అభ్యర్థి వస్తున్నాడని హితఫరు ద్వీపంలో సముద్రపు ఒడ్డును తవ్వుతున్నారు.

నమ్మబుద్ధి కాకపోతే మీ తప్పేమీ లేదు. వదీఫా టీచరుకీ నమ్మబుద్ధి కాలేదు, పుట్టి పెరిగిన ఊరైనా సరే. పెద్దమనిషి ఎవరైనా వస్తున్నాడంటే రోడ్డు మీద కొత్త తెల్ల ఇసుక పరవడం అక్కడ తాతల నాటి మర్యాద. పండక్కి పరుస్తారు, రంజాను నెలకు ముందు పరుస్తారు, మంత్రి వస్తే పరుస్తారు, మంత్రిగారి బావమరిది వచ్చినా పరుస్తారు. ఆ ఇసుక ఆకాశం నుంచి రాలదు కదా. ఉత్తరపు ఒడ్డున రేవు కట్టి సిమెంటు పోశాక తెల్లటి ఇసుక మిగిలింది దక్షిణపు కొసలోనే. ఆ కొసలోనే ఖబరస్తాను ఉంది. అందులో సముద్రం వైపు మొదటి వరసలో వదీఫా భర్త ఉమర్ మానికు సమాధి ఉంది.

ఉమర్ మానికు జన్మంతా చేపల పడవ మీదే గడిపాడు. ఆఖరి రోజుల్లో మంచం మీద నుంచి భార్యతో ఒకే ఒక్క మాట పదే పదే చెప్పాడు. "బతికినన్నాళ్లూ తడిసే ఉన్నాను. పోయాకైనా పొడి నేలలో పడుకోనివ్వండే." ఆయన్ను పూడ్చిన నాడు సముద్రం ఎక్కడో దూరాన, కొబ్బరిచెట్ల అవతల ఉండేది. ఇప్పుడు ఆ చెట్లు లేవు. నిరుటి వానల్లో ఖబరస్తాను గోడ ఆ వైపు కూలిపోయింది. ఆయన తలరాయికీ అలలకూ మధ్య ఒక ఇసుక వాలు మాత్రం మిగిలింది. నీళ్లు లోపలికొస్తే ఎముకలు తీసి ఇంకో చోట పెట్టాల్సి వస్తుందని ఇమాము మెల్లగా చెప్పాడు. ఆ మాట వదీఫా చెవిన పడ్డప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

అలాంటిది, ఆ వాలులోనే పారలు పడ్డాయి. తవ్విస్తున్నది లుత్ఫీ, ఉమర్ మానికుకు చిన్నాన్న కొడుకు. రేవు దగ్గర టీ కొట్టు నడుపుతాడు, నారింజ పార్టీకి ఊళ్లో పెద్ద దిక్కు.

"లుత్ఫీ, ఇక్కడ తవ్వకూడదని కౌన్సిల్ ఆఫీసు ముందు బోర్డుంది. చూళ్లేదా?"

"చూశాను వదినా. ఆ బోర్డు కింద ఇసుక కూడా పరవమన్నారు, కౌన్సిల్ వాళ్లే."

"ఇది మీ అన్న కాళ్ల కింద ఇసుకరా."

"సముద్రం ఇచ్చిందే కదా, మళ్లీ ఇస్తుంది. అసలు మా నాయకుణ్ణి గెలవనీ. ఒడ్డేం ఖర్మ, నీకు కొత్త ద్వీపమే పోయించి పెడతాడు."

వదీఫాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఎన్నికల కాలంలో హితఫరులో ఒళ్లు మండని మనిషెవరు? భార్య ఊదా జెండా కడితే మొగుడు అదే కిటికీకి నారింజ జెండా కడుతున్నాడు. ఆమె సొంత చెల్లెలు సన్‌ఫా ఊదా పార్టీ మహిళా విభాగానికి నాయకురాలు. అక్కాచెల్లెళ్లవి పక్కపక్క ఇళ్లు. పొద్దున్నే ఒకే పళ్లెంలో రోషీ రొట్టెలూ, కొబ్బరి కలిపిన చేపా తింటారు. తిన్నంతసేపూ సన్‌ఫా ఓటడుగుతుంది.

"చదివి వేస్తాను," అంది వదీఫా. "రెండు పార్టీల పుస్తకాలూ తెచ్చిపెట్టు."

"ఓటెయ్యడానికి చదువుతారా ఎవరైనా?" అని సన్‌ఫా నోరు వెళ్లబెట్టింది.

వదీఫా చదివింది. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దినట్టు ఎర్ర పెన్ను పట్టుకుని మరీ చదివింది. నారింజ పుస్తకం దిండంత లావు. లోతులేని నీళ్లన్నీ పూడ్చి ప్లాట్లు వేస్తారట, విమానాశ్రయం కడతారట, సముద్రం పెరిగితే మనం ఇంకా ఎత్తుకు పెరుగుతామట. ఊదా పుస్తకం పల్చన. పెద్ద దేశాలను నిలదీస్తారట, ప్రతి కప్పు మీదా సౌర ఫలకాలట, చచ్చిన పగడాల చోట కొత్త పగడాలు నాటుతారట. ఒకాయన సముద్రాన్ని పూడుస్తానంటాడు, ఇంకొకాయన సముద్రం తరఫున కోర్టుకెళ్తానంటాడు. సరే, మా ఊరి ఒడ్డుకు ఏం చేస్తారయ్యా అని వెతికితే, రెండింట్లోనూ తీర రక్షణ అనే శీర్షిక కింద ఒక్కటే వాక్యం: శాస్త్రీయ అధ్యయనం అనంతరం ప్రాధాన్య క్రమంలో చర్యలు. అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంది.

"ఒకళ్లది చూసి ఒకళ్లు రాశారు," అంది వదీఫా. "మా బళ్లో అయితే ఇద్దరినీ బెంచీ ఎక్కించేదాన్ని."

నారింజ అభ్యర్థిని ఊళ్లో ఇంజినీరు అంటారు. ఆయన స్పీడుబోటు దిగి, రేవు నుంచి బడి దాకా పాలనురగలా పరుచుకున్న రోడ్డు మీద నడిచి వచ్చాడు. మైకులు హోరెత్తాయి, పిల్లలు డప్పులు కొట్టారు. ప్రసంగం అయ్యాక వదీఫా లేచి నిలబడింది.

"అయ్యా, మా ఖబరస్తాను వెనక గోడ ఎప్పుడు కట్టిస్తారు?"

"మంచి ప్రశ్న," అన్నాడు ఇంజినీరు. "అక్కయ్యగారూ, విమానాశ్రయం వచ్చాక ఈ ఊళ్లో గోడల గురించి ఎవరూ అడగరు."

జనం చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో కొట్టినవాళ్లకే తెలియాలి. ఈ మాటకు అర్థమేమిటని వదీఫా పక్కావిణ్ణి అడిగితే, "ఏమో, బాగా చెప్పాడు కదా," అంది ఆవిడ.

ఆ వారం తిరక్కుండానే ఊదా అభ్యర్థి ప్రయాణం ఖాయమైంది. ఆయన లాయరు. సన్‌ఫాకు కంటి మీద కునుకు కరువైంది. నారింజ వాళ్లు పరిచిన ఇసుక ఇంకా తెల్లగానే ఉంది కదా, దాని మీదే నడిపించు అని వదీఫా చెప్పి చూసింది.

"వాళ్ల ఇసుక మీద మా నాయకుణ్ణి నడిపించనా? నలుగురిలో తలెత్తుకోగలనా అక్కా? వాళ్లది బడి దాకానే. మేం పక్క రోడ్డున మసీదు దాకా పరుస్తాం."

"ఆయన వచ్చేది దేని గురించి మాట్లాడడానికే?"

"ఒడ్డు కోత గురించి."

"ఆ ఒడ్డును కోస్తున్నదెవరే?"

"అక్కా, నువ్వు అన్నిటికీ రాజకీయం చేస్తావు," అని విసుక్కుని సన్‌ఫా బుట్ట నెత్తికెత్తుకుంది. రాజకీయం చేస్తున్నది తానట. వదీఫా తల కొట్టుకుంది.

లాయరు వచ్చాడు. ఇంజినీరు కన్నా మంచి నటుడు, ఆ మాట ఒప్పుకోవాలి. బోటు దిగగానే బూట్లు విప్పాడు. వంగి గుప్పెడు ఇసుక తీసుకున్నాడు. గొంతు జీరపోయింది. "ఈ ఇసుక కోసమే నేను ప్రపంచంతో పోరాడుతున్నాను," అన్నాడు. ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. ఆ ఇసుక మొన్నటిదాకా తన మొగుడి పక్కన ఉండేదని వదీఫాకు అరవాలనిపించింది. పళ్ల బిగువున ఆపుకుని, మళ్లీ అదే ప్రశ్న అడిగింది.

లాయరు ఆమె కళ్లలోకి చూశాడు. "మొదటి వంద రోజుల్లో గోడ కట్టిస్తాను. రాసుకోండమ్మా."

గోడ అన్నాడు. ఆ రెండక్షరాలూ నోటితో అన్నాడు. ఇద్దరికీ సున్నా వేద్దామనుకున్న టీచరు ఆయనకు పాసు మార్కులు వేసింది. ఇంకేం చేస్తుంది? ఎవరికో ఒకరికి వెయ్యాలి కదా.

అయితే పున్నమి పోటు ఆ వంద రోజులూ ఆగదు. లాయరు వెళ్లిన మర్నాడు వదీఫా ఒంటిచక్రం బండి, పార తీసుకుని రోడ్డెక్కింది. మసీదు దగ్గర మొదలుపెట్టి రోడ్డు మీది ఇసుక ఎత్తుకుని, ఖబరస్తాను వెనక వాలు మీద పొయ్యసాగింది. సన్‌ఫా రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది.

"మా రోడ్డు పాడు చెయ్యమని నిన్నెవరు పంపారు? లుత్ఫీనా?"

ఆమె అలా అడుగుతుండగానే లుత్ఫీ మనుషులు నలుగురు ఈలలు వేసుకుంటూ వచ్చారు. "వదిన మన పార్టీలోకి వచ్చేసిందిరోయ్," అని అరిచి తలా ఒక పార పట్టారు. ఊదా రోడ్డును పీకే పని అనేసరికి వాళ్లకెక్కడ లేని ఓపికా వచ్చింది. మధ్యాహ్నానికి సగం రోడ్డు ఖాళీ అయింది.

వదీఫా కాసేపు వాళ్లను చూసింది. చెల్లెల్ని చూసింది. ఆమెకు ఇంత వయసొచ్చాక ఇప్పుడు లోకం అర్థమైంది.

"సన్‌ఫా, వాళ్లు మీ ఇసుక ఎత్తుతుంటే అలా చూస్తూ నిలబడ్డావేమే? వాళ్లది రేవు నుంచి బడి దాకా పడి ఉంది కదా."

అంతే. ఊదా ఆడవాళ్లు కొంగులు బిగించారు. సాయంత్రానికి రెండు రోడ్లూ ఎప్పటి బూడిద రంగుకొచ్చాయి. ఒకరి మీద ఒకరికున్న కసి అంతా ఖబరస్తాను వెనక గుట్టగా లేచింది. రెండు పార్టీల వాళ్లూ దాని మీద నిలబడి విడివిడిగా ఫొటోలు దిగి, తీర పరిరక్షణలో మా కార్యకర్తలు అని ఫోన్లలో పెట్టుకున్నారు. పెట్టుకోనీ. పున్నమి పోటుకు సముద్రం వచ్చి ఆ గుట్టలో సగం పట్టుకుపోయింది. మిగతా సగం నిలిచింది. దాని వెనక ఉమర్ మానికు తలరాయి నిటారుగా ఉంది. ఆ రోజు వదీఫా చాన్నాళ్లకు కడుపునిండా తింది.

ఎన్నికలొచ్చాయి. వదీఫా లాయరుకే ఓటేసింది. లాయరు గెలిచాడు. హితఫరులో ఆయనకు మంచి మెజారిటీ వచ్చింది. ఊదా వాళ్లు ఇల్లిల్లూ తిరిగి గులాలు పంచిపెట్టారు. చేప ముద్ద కూరి వేయించిన ఆ వేడి వేడి ఉండ అక్క నోట్లో సన్‌ఫా తానే పెట్టింది. తినేటప్పుడు వదీఫాకు ఆనందంగానే ఉంది, అబద్ధమెందుకు.

తర్వాత వారం, పొద్దున్న ఖబరస్తాను వైపు వెళ్లిన వదీఫా కాళ్లు ఆగిపోయాయి. సన్‌ఫా, ఆమె వెనక ఊదా ఆడవాళ్లంతా బుట్టలతో, పారలతో వాలు దిగుతున్నారు.

"ఏమిటే ఇది?"

"మధ్యాహ్నం ఆయనొస్తున్నారక్కా. మనకు కృతజ్ఞతలు చెప్పడానికి. ప్రమాణం కూడా చెయ్యకముందే మన ఊరికొస్తున్నారు, చూశావా ఎంత అభిమానమో. రోడ్డు చూస్తే మసిబారి ఉంది."

"ఈ ఇసుక ఇక్కడ ఎందుకుందో నీకు తెలుసు కదే."

"తెలుసు. నాలుగు బుట్టలే. రేపు మళ్లీ తెచ్చి పోయిస్తాను, నా మీదొట్టు. నువ్వూ ఆయనకే కదా వేశావు?"

"ఆయనకే వేశాను. గోడ కోసం వేశాను."

"మరింకేం? గోడ గురించి చెప్పడానికే వస్తున్నారేమో. మసి రోడ్డు మీద నడిపించి గోడ అడుగుదామా?"

వదీఫా వాళ్లను దాటుకుని వాలు దిగింది. వెళ్లి, తలరాయి ముందున్న ఇసుకలో కూలబడింది. తవ్వితే నన్ను తవ్వండి అన్నట్టు కాళ్లు బారజాపుకుంది. ఆడవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. వాళ్లలో సగం మంది ఆమె దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్లే. టీచరుగారిని చెయ్యి పట్టి లేపడానికి ఒక్కరికీ ధైర్యం చాల్లేదు.

అందుకని ఎంతో మర్యాదగా, ఆమెకు పార తగలకుండా, ఆమె చుట్టూ తవ్వారు.

"కొంచెం కాలు తీయండి టీచర్," అని ఒకమ్మాయి అడిగింది కూడా. వదీఫా తిట్టడానికి నోరు తెరిస్తే ఏడుపొస్తుందని పెదవులు బిగించుకుంది. బుట్టలు నిండాయి, వెళ్లాయి, ఖాళీగా మళ్లీ వచ్చాయి. సముద్రం వైపు నుంచి అల ఒకటి అలవోకగా వచ్చి, కొత్తగా తవ్విన పల్లంలో నిండి, ఆమె మడమలు తడిపి వెళ్లింది. వెనక ఇసుక సర్రున జారింది. వీపుకు ఏదో చల్లగా, బరువుగా తగిలింది. ఆమె వెనక్కి తిరగలేదు. తిరగక్కర్లేదు, ఏమిటో తెలుసు. రెండు చేతులూ ఇసుకలో పాతిపెట్టి ఆ బరువును కాచుకుంది.

రేవు వైపు డప్పులు మొదలయ్యాయి. సన్‌ఫా చేతులు దులుపుకుని, నుదుటి చెమట తుడుచుకుని, మంచి బట్టల మడత సరిచేసుకుంది.

"లేక్కా, ఇంకా పంతమేనా? ఆయన బోటు కనబడుతోంది. నీ గోడ సంగతి నువ్వే అడుగుదువు గాని, లే."

"నేను లేస్తే మీ బావ పడిపోతాడే," అంది వదీఫా.