నలభై మూడో కాగితం

పొద్దున్నే కోడలు కుట్టుబల్ల మీదికి ఎక్కించగానే బైండరమ్మ చేసే మొదటి పని బైండింగుకి కొత్తగా వచ్చిన కట్టలో కాగితాలు లెక్కపెట్టడం. వెనకటికి బొటనవేలితో అంచులు జారవిడుస్తూ రెండొందల కాగితాలు నిమిషంలో తేల్చేసేది. ఇప్పుడు కట్ట పక్కన నిలబడి ఒక్కో అంచునీ అరచేత్తో తోసుకుంటూ లెక్కపెడుతుంది. ఆ ఇంట్లో ఒకటే కట్టుబాటు. లెక్క సాగుతున్నంతసేపూ ఎవరూ పలకరించకూడదు. కొడుకు సైన్యానికి ఎంపికయ్యాడని కబురు తెచ్చిన పోస్టుమాన్ కూడా, అప్పట్లో, నూట అరవై అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు.

లెక్క అయ్యాక కోడలు స్టీలు స్కేలు తెచ్చి అత్తగారి వీపు వెనక నిలబెట్టింది. స్కేలు చివరా తల చివరా ఒక్కటే. సరిగ్గా పన్నెండు అంగుళాలు.

"ఏం తగ్గలేదు అత్తయ్యా."

"ఆఫీసుకి వెళ్లందే ఎందుకు తగ్గుతానే? ఇవాళేగా వెళ్లేది," అంది బైండరమ్మ.

ఆఫీసుల చుట్టూ తిరిగి కాళ్లరిగిపోయాయని లోకంలో అందరూ అంటారు. బైండరమ్మ విషయంలో మనిషే అరిగిపోయింది. కత్తిరింపు యంత్రం తిప్పే భర్త ఏడాదిన్నర కిందట ఉన్నట్టుండి పోయాడు. కొడుకు సైన్యానికి పదేళ్లు రాసిచ్చి ఉన్నాడు, అందులో సగం కూడా గడవలేదు. ఒక్కగానొక్క కొడుకై, తండ్రి పోతే, గడువుకి ముందే విడుదల చెయ్యొచ్చని సైన్యం నిబంధనల పుస్తకంలో ఉంది. ఉందని ఆవిడకి ఎవరూ చెప్పలేదు, ఆ పుస్తకానికి అట్ట వేసింది ఆవిడే. భర్త పోయిన నెల తిరక్కుండానే సైన్యం ఆఫీసులో అర్జీ పెట్టింది. అప్పుడు ఆవిడ అయిదడుగుల మనిషి.

"పరిశీలనలో ఉంది, వచ్చే నెల రండి," అన్నాడు గుమాస్తా. ఆ మాట విని మెట్లు దిగేసరికి మూడంగుళాలు తగ్గింది. మళ్లీ నెల అదే మాట, మళ్లీ మూడంగుళాలు. పక్కింటి దర్జీ నెలనెలా ఆవిడ బట్టలు చిన్నవి చేసి ఇచ్చేవాడు. టీ కొట్టువాడు మొదట గ్లాసు సగానికి తగ్గించి, ఈమధ్య సీసా మూతలో పోసి పంపుతున్నాడు. డాక్టరు నాడి చూసి, జబ్బేమీ లేదనీ, ఆ ఆఫీసుకి వెళ్లడం మానేస్తే తగ్గడం అదే ఆగుతుందనీ చెప్పాడు. మానేస్తే ఎలా? అర్జీదారు ప్రతి నెలా స్వయంగా హాజరు కావాలి. ఒక్క నెల తప్పినా అర్జీ రద్దు. ఇంత చక్కటి నిబంధన రాసినవాడు ఎవడో గానీ, వాడికి అమ్మ ఉండి ఉండదని కోడలు నెలకోసారైనా అనేది.

కొడుకు ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ ఎలా ఉందని కాదు, అమ్మ ఎంతుందని అడిగేవాడు. పన్నెండు అంగుళాలంటే ఇంకా నాలుగు నెలలు. ఆ లెక్క ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. లెక్కలు రాక మాత్రం కాదు.

అత్తగారిని చేతిసంచిలో నిలబెట్టుకుని కోడలు ఆఫీసుకి వెళ్లింది. ఇది పదిహేడోసారి. హాల్లో బెంచీల నిండా జనం. కిటికీ పక్కన కూర్చున్నావిడ ఒళ్లో పర్సు తెరిచి ఉంది, అందులోంచి ఆవిడ భర్త తల బయటికి పెట్టి గోడ గడియారం చూస్తున్నాడు. బైండరమ్మ ఆయన్ని పలకరించింది. పోయిన నెల ఆయన బెంచీ మీదే కూర్చున్నాడు.

పిలుపు రాగానే కోడలు అత్తగారిని గుమాస్తా బల్ల మీద దించింది. గుమాస్తా ఫైలు తెరిచి, అర్జీ చూసి, ఆవిణ్ణి చూసి, పెదవి విరిచాడు.

"అర్జీలో ఎత్తు అయిదడుగులని రాశారు. మీరు చూస్తే అడుగున్నారు. వివరాలు సరిపోవడం లేదమ్మా. కొత్త అర్జీ పెట్టుకోండి."

కోడలికి ఒళ్లు మండిపోయింది. అయిదడుగుల మనిషిని అడుగు చేసింది ఎవరని అడిగింది. పెళ్లయిన మూడేళ్లలో భర్తతో కాపురం చేసింది నాలుగు నెలలనీ, అర్జీ మళ్లీ మొదటికొస్తే ఇక్కడ అర్జీదారే మిగలదనీ గట్టిగానే చెప్పింది. గుమాస్తా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని పెన్ను మూత బిగించుకున్నాడు.

బైండరమ్మ మాత్రం ఈ గొడవేదీ వినడం లేదు. ఇన్నాళ్లూ ఫైలుని బల్లకి ఇవతలి నుంచి చూసింది. ఇవాళే దాని పక్కన నిలబడింది, అంచులు కళ్ల ముందే ఉన్నాయి. చెయ్యి ఊరుకోలేదు. ఒక్కో అంచూ తోసుకుంటూ, మూలల్లో ఎర్ర సిరాతో వేసిన అంకెలు చదువుకుంటూ పోయింది. కోడలు అది గమనించి సగం మాటలో ఆగిపోయింది. లెక్క సాగుతోంది మరి. నలభై ఒకటి, నలభై రెండు, నలభై నాలుగు.

"నలభై మూడు ఏదీ?" అంది బైండరమ్మ.

అంకె వెయ్యడంలో పొరపాటు అయ్యుంటుందన్నాడు గుమాస్తా.

"నలభై ఏళ్లు కాగితాలతో కాపురం చేశాను నాయనా. పొరపాటైతే నలభై రెండు వెనక ఈ మరక ఎక్కడిది?"

నలభై రెండో కాగితం వెనక వైపు, పచ్చి సిరా అంటుకున్న గుండ్రటి ముద్ర మరక ఉంది. అక్షరాలు తిరగబడి ఉన్నాయి. కింది కాగితం మీద ముద్ర తడి ఆరకముందే దీన్ని దాని మీదికి మూస్తే పడే మరక అది. బైండింగు పనిలో ఇలాంటివి చూసి చూసి ఆవిడకి విసుగు. ఆ ఆఫీసులో గుండ్రటి ముద్ర ఆఖరి ఉత్తర్వుకే వేస్తారు, మిగతావాటికి చదరపు ముద్ర. అంటే ఉత్తర్వు ఎప్పుడో అయింది. అయ్యి, ఈ గదిలోనే ఎక్కడో పడిపోయింది.

ఆవిడ చుట్టూ చూసింది. గుమాస్తా వెనక గోడకి ఆనించి ఇనప బీరువా. దాని నెత్తిన ఫైళ్లు గుట్టలుగా ఉన్నాయి, పైన ఫ్యాను గిరగిరా తిరుగుతోంది.

"ఆ బీరువా జరపండి," అంది.

బీరువా జరపడం తన పరిధిలో లేదన్నాడు గుమాస్తా. అది గోడకి బిగించి ఉంది. విప్పాలంటే కట్టడాల విభాగానికి అర్జీ పెట్టాలి, వాళ్లు పరిశీలించాలి. కోడలు గొడుగు పట్టుకుని కిందికి దూర్చబోతే, ప్రభుత్వ సామగ్రిని తాకరాదని గోడ మీద రాసి ఉన్నది చూపించాడు. పైగా టైమైపోయిందని ఫైలు మూసేశాడు.

"పరిశీలనలో ఉందని రాసుకుంటాను. వచ్చే నెల రండి."

ఆ మాటకి బైండరమ్మ అందరి కళ్లెదుటే మూడంగుళాలు తగ్గింది. జానెడు మనిషి మిగిలింది. కోడలికి దుఃఖం ఆగలేదు. బైండరమ్మ బీరువా కాళ్ల వైపు చూసింది, తన వైపు చూసుకుంది. పొద్దున్న అయితే ఆ సందులో దూరేది కాదు.

"నన్ను కిందికి దించవే," అంది.

బీరువా కింద చీకటి, బూజు, పెన్ను మూతలు, ఎవరిదో విరిగిన కళ్లజోడు. గోడ వరకూ నడిచి, వెనక సందులోకి ఒక భుజం పెట్టి దూరింది. కాగితాలు అక్కడ నిలువుగా, ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి, పుస్తకం చెయ్యమని తెచ్చి పెట్టినట్టు. ఆవిడ అలవాటు కొద్దీ ముందు లెక్కపెట్టింది. ఏడు. నాలుగోది నలభై మూడు. కొడుకు నంబరు, గుండ్రటి ముద్ర, "విడుదలకు అనుమతించడమైనది." తారీఖు రెండుసార్లు చదివింది. పద్నాలుగు నెలల కిందటిది. అంటే మూడోసారి వచ్చి వెళ్లిన వారమే.

ఏడు కాగితాలూ ఒక్కొక్కటే ఈడ్చుకొచ్చింది. కోడలు వాటిని అందుకుని, హాలు గుమ్మంలో నిలబడి, నంబర్లు వరసగా గట్టిగా చదివింది. పర్సులోని పెద్దమనిషి మూడో నంబరుకి చెయ్యెత్తాడు. కిటికీ పక్కావిడ లేచి నిలబడింది, తర్వాత బెంచీలన్నీ లేచాయి.

ఆ అలికిడికి లోపలి గదిలోంచి అధికారి వచ్చాడు. కాగితం చూశాడు, మొహం మాడింది. అయినా మర్యాదగానే మాట్లాడాడు. జరిగిందేదో జరిగిందనీ, ఇవాళే సంతకం పెట్టి పంపిస్తాననీ అన్నాడు. అందుకున్నట్టు రసీదులో మాత్రం ఉత్తర్వు నాటి తారీఖే వెయ్యమన్నాడు. ఇవాళ్టి తారీఖు వేస్తే ఆలస్యం ఎందుకైందని పైనుంచి అడుగుతారు, అప్పుడు ఫైలు మళ్లీ పరిశీలనకి వెళ్లాల్సి వస్తుంది.

కోడలు అత్తగారి వైపు చూసింది. పాత తారీఖు వేస్తే రాత్రికల్లా కబురు వెళ్తుంది. ఇంకో మూడు నెలలు పరిశీలించారంటే మనిషే మిగలదు. ఈ లెక్క బైండరమ్మకీ తెలుసు.

"పద్నాలుగు నెలలకి నావి మూడున్నర అడుగులు పోయాయి బాబూ," అంది బైండరమ్మ. "అవి ఎక్కడికి పోయాయో మీ పైవాళ్లు అడగాలిగా. అడగనీ."

పెన్నుని రెండు చేతులా పట్టుకుని, బల్ల మీద అటూ ఇటూ నడుస్తూ, ఇవాళ్టి తారీఖు వేసింది. అంకెలు చెయ్యంత పెద్దవి పడ్డాయి. గుమ్మం నిండా నిలబడ్డ జనం చూస్తున్నారు. అధికారి వాళ్లని చూశాడు. మళ్లీ పరిశీలన అనే మాట ఆయన నోట రాలేదు. సంతకం పెట్టాడు.

పదకొండో రోజు పొద్దున్న కొడుకు వచ్చాడు. చేతిలో ఇనప పెట్టె, ఒంటి మీద మామూలు చొక్కా. తల్లి కుట్టుబల్ల మీద కట్ట పక్కన నిలబడి, అంచులు తోసుకుంటూ నడుస్తోంది. వాడు నోరు తెరవబోయి ఆగిపోయాడు. కోడలు కూడా, చేతిలో జిగురు కుంచెతో, ఉన్నచోటే నిలబడిపోయింది. వాళ్లిద్దరూ గుమ్మానికి చెరోవైపు, ఏడుస్తూనే, చప్పుడు చెయ్యకుండా నిలబడ్డారు.

రెండొందల దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది.

"సరిపోయాయి," అంది బైండరమ్మ, అప్పుడు తలెత్తి. "రారా నాన్నా. పెట్టె దించు."