గవర్రాజు స్టూడియోలో నల్ల కోటు

నేను ఒక నల్ల కోటును. ఎవరి కోటువి అని మాత్రం అడగకండి. మండపేటలో పెళ్లీడుకొచ్చిన ప్రతి మగాడూ నేను తనదాన్నేనని ఒకసారైనా చెప్పుకున్నవాడే.

నన్ను మొదట కుట్టించుకున్నది ఒక ప్లీడరుగారు. కేసు గెలిస్తే అది ఆయన తెలివి, ఓడితే నేను కలిసిరాలేదు. ఓటములు ఎక్కువై చివరికి నన్ను ఫోటో స్టూడియో గవర్రాజుకు ఇచ్చేశాడు. గవర్రాజు కత్తెర తీసుకుని నా వీపును మెడ నుంచి కిందిదాకా చీల్చేశాడు. బక్కవాడొస్తే ఆ చీలికను దగ్గరకు లాగి బట్టల క్లిప్పులు పెడతాడు, లావుపాటివాడొస్తే వదిలేస్తాడు. ముందునుంచి చూస్తే ఎవరికైనా కొలిచి కుట్టినట్టే ఉంటాను. వెనకనుంచి ఫోటో ఎవరు తీస్తారు గనక?

పెళ్లిసంబంధాలకు పంపే ఫోటోలన్నీ నాతోనే. మగవాళ్ల సంగతి నాకు తెలిసినంత వాళ్ల తల్లులకు కూడా తెలియదు. ఎంత నంగిగా వచ్చినవాడైనా నన్ను తొడగ్గానే మెడ నిక్కిస్తాడు. అద్దంలో చూసుకుని, నేనిలా కూడా ఉంటానా అని ఆశ్చర్యపోడు, నేనింతే అనుకుంటాడు. ఆ ఫోటో చూసి ఎక్కడో ఒక ఆడపిల్ల మనసు పారేసుకుంటుంది. దానికి ప్రేమ అని పేరు. పై మెరుగులు చూసి మోసపోవడానికి అంత ముద్దుపేరు దేనికో! నాకు నవ్వొచ్చేది. లోపల గర్వంగానూ ఉండేది, ఊళ్లో సగం పెళ్లిళ్లు నా చలవే గదా అని.

ఎరువుల కొట్లో గుమాస్తా తాతారావు కూడా నన్ను వేసుకునే ఫోటో దిగాడు, సంబంధం కుదిరింది, పెళ్లయింది. కొన్నాళ్లకు ఒకరోజు రొప్పుకుంటూ వచ్చి గవర్రాజు చేతులు పట్టుకున్నాడు. పెళ్లిచూపుల్లో ఆ పిల్ల నాగరత్నం కోటు మీదేనా అని అడిగితే, ఈ మహానుభావుడు రాజమండ్రిలో కుట్టించానని కోసేశాడట. ఆవిడ కోటేదని అడిగినప్పుడల్లా ఇస్త్రీకిచ్చానని ఒకసారి, స్నేహితుడు పట్టుకెళ్లాడని ఒకసారి. ఇప్పుడు ఇద్దరం కలిసి ఫోటో తీయించుకుందాం, కోటు వేసుకోండి అని పట్టుబట్టి వెనకాలే వస్తోందట.

"బాబ్బాబు, ఆ కోటు నాకమ్మెయ్యండి. ఇది తెలిసిందంటే మా ఆవిడ ఈ జన్మలో నా మాట నమ్మదండి."

"నీకమ్మేస్తే రేపొచ్చేవోళ్లకి ఏం తొడగనయ్యా? వేసుకుని వీపు గోడకానించి నిలబడు. ఆవిడకేం తెలుస్తుంది?"

క్లిప్పులు పెట్టడం పూర్తయ్యేసరికి నాగరత్నం వచ్చింది. తాతారావు బల్లిలా గోడకు అతుక్కుపోయాడు. ఆమె తిన్నగా వచ్చి, భుజం పట్టుకుని అతణ్ణి వెనక్కి తిప్పింది. నా బతుకూ అతని బతుకూ ఒకేసారి బయటపడ్డాయి. ఇక చూసుకోండి, ఏడుపులూ శాపనార్థాలూ మొదలవుతాయని నేను సరదాగా ఎదురుచూశాను.

ఆమె ఒక్కొక్క క్లిప్పూ ఊడదీసింది.

"పెళ్లిళ్ల పేరయ్య తెచ్చిన మూడు ఫోటోల్లోనూ ఇదే కోటండి. నాకప్పుడే తెలుసు."

తాతారావు ఆమె వైపు తిరిగాడు. "మరి ఇన్నాళ్లూ ఎందుకడిగావు?"

"మీరెప్పుడు నిజం చెబుతారా అని. మిగతా ఫోటోల్లో ఇద్దరూ పుట్టినప్పట్నుంచీ కోటు తమదే అన్నట్టు కూచున్నారండి. మీ మొహంలో మాత్రం అరువు సొమ్ము పెట్టుకున్న కంగారు కనబడింది. ఈ మనిషికి అబద్ధం ఇమడదనుకున్నాను." ఆమె క్లిప్పులన్నీ స్టూలు మీద పడేసింది. "తీరా చూస్తే అన్నీ అబద్ధాలే. తప్పు మనిషిని ఎంచుకున్నానా అని రోజూ భయపడి చస్తున్నానండి."

అతను నన్ను విప్పి గవర్రాజు చేతికిచ్చాడు.

"నాది కాదు. రాజమండ్రీ లేదు, ఇస్త్రీ లేదు. ఇదుగో, చొక్కా కూడా నలిగిపోయింది."

"ఉండనివ్వండి," అంది కళ్లు తుడుచుకుంటూ.

ఆ నలిగిన చొక్కాతోనే ఫోటో దిగారు. నేను మేకుకు వేలాడుతూ చూశాను.

ఇప్పుడు కోట్లు కంప్యూటరే తొడుగుతోంది. నన్ను స్టూడియో గుమ్మంలో కాళ్లు తుడుచుకోవడానికి వేశారు. నామీద మట్టి దులిపి లోపలికెళ్లినవాళ్లు తెరమీద కోటులో తమను చూసుకుని అలాగే మురిసిపోతున్నారు. ఈ జాతిమీద నాకు గౌరవమేమీ పెరగలేదు. ఒక్కటే మింగుడుపడటం లేదు. పెళ్లిళ్లన్నీ నన్ను చూసే జరిగాయని ఇన్నేళ్లూ విర్రవీగానా, ఆ మూడు ఫోటోల్లోనూ ఉన్నది నేనే. నాగరత్నం చూసింది నన్నే అయితే, ఆ ముగ్గురిలో ఎవరినీ ఎంచుకోగలిగేది కాదు.