నీళ్ళు కానిదంతా పూడికే

చేపల పెంపక కేంద్రంలో పనిచేసే ఆవిడ ఆ ఉదయం వెళ్ళేసరికి వాగు అద్దంలా ఉంది. ఆ శుభ్రమే ఆవిడ కొంప ముంచింది.

మూడేళ్ళుగా ఆవిడ ఆ మలుపులో గులకరాళ్ళు పరుస్తూ వచ్చింది. నిమ్మకాయంత రాళ్ళు, ఒక్కొక్కటీ చేత్తో ఏరినవి. చారల చేప వాటి సందుల్లో తప్ప ఇంకెక్కడా గుడ్లు పెట్టదు. ఆ జాతికి లోకం మొత్తం మీద ఉన్నది ఈ వాగొక్కటే. ఇక్కడా నూకలు చెల్లేలా ఉన్నాయని, మిగిలినవాటిని పట్టి తొట్లలో పెంచింది. ఇప్పుడు అరవై రెండు ఆడచేపలు నిండు కడుపులతో ఉన్నాయి. వారం దాటితే తొట్లోనే గుడ్లు వదిలేసి, వాటినే తినేస్తాయి.

వాగులో ఒక్క రాయి లేదు. గట్టు మీద తవ్వకం యంత్రం ఆగి ఉంది. అందులోంచి దిగింది ఎవరో కాదు, సొంత తమ్ముడు.

"చూశావా అక్కా! నీ వాగని రెండు గంటలు ఎక్కువే చేశాను. అడుగు తేలేదాకా గోకాను."

"ఎవడు గోకమన్నాడ్రా నిన్ను?"

"నీటిపనుల ఆఫీసు ఇచ్చిన కాగితంలో పూడిక తీయవలెను అనుంది. పైగా నువ్వేగా మొన్న అన్నం తింటూ, చేపల్ని వదిలేలోపు వాగు శుభ్రం కావాలన్నావు!"

అన్నమాట నిజమే. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"నేనన్నది పైనుంచి వచ్చే సబ్బునీళ్ళ గురించిరా! ఇల్లు శుభ్రం చెయ్యమంటే ఉయ్యాల్లో పిల్లని కూడా ఊడ్చేస్తావా?"

తమ్ముడి మొహం మాడిపోయింది. రాళ్ళు ఆ ఆఫీసు ఆవరణలోనే పోశానని గొణిగాడు.

నీటిపనుల ఆఫీసులో ఇంజనీరు కుర్చీ చూపించాడు. ఆవిడ కూర్చోలేదు.

"అక్కడ చేపల కోసం రాళ్ళు పరిచానని మూడు ఉత్తరాలు రాశాను మీకు."

"రాశారు, ఫైల్లో భద్రంగా ఉన్నాయి. కానీ మా ఫారంలో రెండే గళ్ళమ్మా. నీళ్ళు, పూడిక. నీళ్ళు కానిదంతా పూడికే."

"మరి చేప?"

"చేప మా శాఖ కాదు."

"అంటే రేపు మీరు ఆ వాగులో దిగినా పూడికేనా?"

"మాటలు జాగ్రత్త!"

"మూడేళ్ళూ జాగ్రత్తగానే మాట్లాడాను. ఏం ఒరిగింది?"

కిటికీలోంచి చూస్తే బయట కార్లు నిలిపే చోటు చదును చేస్తున్నారు. ఆవిడ రాళ్ళ మీదే రోడ్డు రోలరు నడుస్తోంది. పరుగున వెళ్ళి మిగిలిన కుప్ప మీద కూర్చుంది. ఇంజనీరు వెనకాలే వచ్చాడు.

"లేవండమ్మా. అది ఆఫీసు ఆస్తి."

"ఆస్తి అని రాశారా? పూడిక అని రాశారు. పూడిక ఎత్తుకుపోయేవాళ్ళని ఆపే గడి మీ ఫారంలో ఉంటే చూపించండి, లేస్తాను."

రోలరు నడిపేవాడు కిసుక్కున నవ్వి, ఇంజన్ ఆపేశాడు. ఇంజనీరు వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులు అక్కాతమ్ముళ్ళు బుట్టల్లో వేసి ఆ రాళ్ళు కడిగారు. పొద్దున్నే దేవుడి ముందు కళ్ళు మూసుకుంటే చాలు, ఆవిడకి ఇంజనీరు మొహమే కనిపించేది. 'నువ్వు పుట్టించినదానికి గడి లేదంటున్నాడు స్వామీ. నువ్వెలా ఊరుకున్నావు?' అని అడిగింది. తప్పుగా అడిగానా అని ఒక క్షణం ఆగింది. లేచి బుట్ట అందుకుంది.

ఐదో రోజుకి వాగులో రెండు మంచాలంత మేర రాళ్ళ పరుపు తయారైంది. మిగతా రాళ్ళు రోలరు కింద పిండైపోయాయి. ఈలోపే పంతొమ్మిది చేపలు తొట్లో గుడ్లు వదిలేశాయి. తక్కిన నలభై మూడింటినీ, మగవాటితో పాటు, వాగులో వదిలింది.

చాలాసేపటికి ఒక చేప రాళ్ళ మధ్య పక్కకి వాలి తోక కొట్టుకుంది.

"అక్కా, పెడుతోంది! అదిగో, పెడుతోంది!" తమ్ముడు గొంతు తగ్గించాడు. "ఇంకా కోపంగానే ఉన్నావా?"

"ఉన్నాను. నీ నీడ దాని మీద పడుతోంది, జరుగు."