తడిగోనె కింద గరిటె

మస్తాన్బీ గరిటె గుంటలో ఉలి తిప్పుతోంది. కొండలో దొరికే నర్దిచెట్టు పచ్చిచెక్కను కాలివేళ్ల మధ్య బిగించి కుడిచేత్తో చెక్కుతోంది. ఆరేళ్ల కిందట, డెబ్భై ఎనిమిదిలో, మద్రాసులో ఎడమ రొమ్ము తీసేశాక ఆ వైపు చెయ్యి భుజం దాటి లేవదు. అందుకని కాలికి పని నేర్పుకుంది. "మీకు రెండు చేతులే. నాకు చెయ్యిన్నర, పైన ఒక కాలు. ఎవురిది ఎక్కువ?" అని ఉదయగిరిలో చెక్కగరిటెలు చేసే సాటి పనివాళ్లను ఆటపట్టిస్తుంది.

మధ్యాహ్నం బస్సుకు మళ్లీ మద్రాసు ప్రయాణం. కిందటి వారం పాత కోత మచ్చ పక్కనే, చింతగింజంత గట్టిగా, ఏదో చేతికి తగిలింది. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. అన్నం పోలేదు. మూడోనాడు భర్త ఖలీలుల్లాను వెంటబెట్టుకుని ఆత్మకూరు పోయి డాక్టరమ్మకు చూపించింది.

డాక్టరమ్మ మద్రాసు ఆస్పత్రికి చీటీ రాసిచ్చింది. "అయిదేళ్లు దాటితే ఇంక రాదన్నారు గదమ్మా?" అని అడిగింది మస్తాన్బీ.

"రావడం తగ్గుతుందన్నాం. రానే రాదని ఎవరమూ అనలేదు. మళ్లీ వచ్చిందంటే చావేనని కూడా కాదు. తొందరగా చూసుకున్నావు, మంచిపని చేశావు. చాలామంది వైద్యం చేయించుకుని ఏళ్ల తరబడి పని చేసుకుంటున్నారు. కొందరికి తగ్గదు. నువ్వు ఏ వైపో నేను చెప్పలేను."

ఆ మాట మస్తాన్బీకి నచ్చింది. కొండనుంచి తెచ్చిన పచ్చిచెక్కలో ఏది పగులుతుందో తనకూ ముందుగా తెలియదు. అట్లాగని ఉదయగిరిలో ఎవరూ ఉలి పక్కన పెట్టలేదు.

మొదటిసారి పోయేటప్పుడు ఇంత తెలివి లేదు. క్యాన్సరంటే తిరిగిరాని ఊరనుకుంది. చేతిలో ఉన్న పనంతా పూర్తిచేసి పనిముట్లన్నీ పంచేసింది. పెద్ద ఆకురాయి ఆడబిడ్డ అమీనాబీకి, బాడిస మరిదికి, కూచునే పీట పక్కింటి ఓబమ్మకు. రెండు నెలల తర్వాత నిక్షేపంగా బస్సు దిగింది. అందరూ కళ్లనీళ్లు పెట్టుకుని కావలించుకున్నారు. మర్నాడు పనిముట్లు అడగబోతే సగం మొహాలు వాడిపోయాయి. ఆకురాయి ఎక్కడ పెట్టిందో వెతకడానికి అమీనాబీకి వారం పట్టింది. దొరికేసరికి దాని పళ్లు అరిగిపోయి ఉన్నాయి. చచ్చేదానిలా పోయి బతికి రావడమంత నామోషీ ఇంకోటి లేదని మస్తాన్బీకి ఆనాడే తెలిసొచ్చింది.

ఖలీలుల్లా సంచీ సర్దుతూ వాకిట్లోకి తొంగిచూశాడు. "ఈ పొద్దు కొత్తది మొదలుపెట్టినావేంది? బస్సు టయానికి ముగుస్తాదా?"

"ముగియకూడదనే గదా మొదలుపెట్టింది," అంది మస్తాన్బీ.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని లోపలికి పోయాడు. ఆయన భయం ఆవిడకు తెలుసు. తనకూ భయంగానే ఉంది. కానీ ఈసారి ఉన్నది భయం ఒక్కటే కాదు.

ఓబమ్మ వచ్చి గడప మీద కూలబడింది. కాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని, పీట వైపు చూసింది. చూపు పట్టేసింది మస్తాన్బీ.

"ఏమ్మే, పీట మీద కన్ను బడిందా? ఈ తూరి ఎవురికీ ఏమీ ఇయ్యడంలా."

"చీ, పాడుమాటలు. నాకెందుకు మే నీ పీట!"

"నీకు పనిస్తా." చెక్కుతున్న గరిటెను తీసి, తడిపిన గోనెలో చుట్టి పీట పక్కన పెట్టింది. గుంట అయింది. కాడ ఇంకా మొద్దుగానే ఉంది. "పచ్చిది సగంలో ఆరిపోతే పగులుతాది. పొద్దునా సాయంత్రం గోనె తడుపు. ఆరనీబాక."

"ఎన్నాళ్లు?"

"నేనొచ్చిందాకా."

ఓబమ్మ గోనె మీద చెయ్యి వేసింది. "రాకుంటే, మస్తాన్బీ?"

"రాకుంటే తడపబాక. పగిలినాక పొయ్యిలో పెట్టుకో. అంతకుముందు మాత్రం పెట్టబాక."

ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. ఓబమ్మ నవ్వు మధ్యలో మళ్లీ ఏడుపయింది.

బస్సు ఆత్మకూరు దారి పట్టింది. కిటికీ పక్కన కూచున్న మస్తాన్బీ ఊరి మీది దుర్గం కొండను చూస్తూ, తిరిగొచ్చాక ఆ కాడకు ఎంత వంపు ఇవ్వాలో వేలితో మోకాలి మీద గీసుకుంటోంది.

సాయంత్రం ఓబమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి గోనె మీద పోసింది. ఖాళీ పీట పక్కన, కాడ చెక్కని గరిటె తడిగోనె కింద చల్లగా ఉంది.