బోండం నీళ్ళ జ్ఞానస్నానం

కత్రీన చేతికి ఆ ఊళ్ళో ఉన్నంత పేరు బిషప్పుగారి ఉంగరానికి కూడా లేదు. నలభై ఏళ్ళుగా ఆ ఇసుకపట్టీ మీద ఎవరికి నొప్పులొచ్చినా ఆవిడే మంత్రసాని. పడమట సముద్రం, తూర్పున కాయలని పిలిచే ఉప్పుటేరు, మధ్యలో గట్టిగా కేక వేస్తే ఈ నీళ్ళ నుంచి ఆ నీళ్ళకు వినబడేంత నేల. ఆ నేల మీద తిరిగే పిల్లలూ, పడవలెక్కే మగవాళ్ళూ, వాళ్ళను తిట్టిపోసే ఆడవాళ్ళూ సగానికి పైగా ముందు ఆవిడ అరచేతుల్లోకి జారిపడినవాళ్ళే. ఆ సంగతి ఆవిడ మరిచిపోదు, ఎవరినీ మరిచిపోనివ్వదు. "నీ బొడ్డు కోసింది నేనేరా, నా దగ్గరా నీ గొప్పలు" అని పడవ తండేలు లోనన్‌ను కూడా నడివీధిలో నిలబెట్టి అడుగుతుంది. లోనన్ అంతటి నోటి దురుసు మనిషీ తల గోక్కుని తప్పుకుంటాడు.

ఆవిడకు ఇంకో పని కూడా ఉండేది. పుట్టిన బిడ్డ బతకదనిపిస్తే ఫాదర్ వచ్చేదాకా ఆగే వీలుండదు. అప్పుడు మంత్రసానే తల మీద నీళ్ళు పోసి, తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ పేరు చెప్పి జ్ఞానస్నానం ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ బిడ్డకు మోక్షం లేదు. దేవుడి ముఖం కనబడని చోట ఉండిపోతుంది. అక్కడ మంటలుండవు, ఏడుపుండదు, బయటికి దారి కూడా ఉండదు. ఒంటిని సమాధుల తోటలో పెట్టనివ్వరు. గోడ అవతల, ఎండు మట్టలు పడేసే చోట పూడ్చాలి. కడుపుకోత కన్నా ఆ గోడంటేనే తల్లులకు ఎక్కువ భయం.

కత్రీన చేతిలో పోయిన బిడ్డ ఒక్కటి కూడా గోడ అవతలికి పోలేదు. తోటలో తూర్పు వైపున చిన్న చిన్న సిలువలు ఒక వరసలో ఉంటాయి. ఆ వరసలో చివరిది లూసీది. లూసీ కత్రీన మనవరాలు, ఒక్కగానొక్క కూతురు జసీంత కన్న ఒకే ఒక్క బిడ్డ. ఆరేళ్ళ కిందట పుట్టి, జపమాల సగం చెప్పేంత సేపు ఊపిరి తీసి పోయింది. మళ్ళీ జసీంత కడుపు పండలేదు. కూతురి సిలువ పక్కన మల్లెమొక్క నాటింది. ఎండాకాలం ఊళ్ళో బావులన్నీ ఉప్పు తిరిగినప్పుడు, నీళ్ళ పడవ తెచ్చిన మంచినీళ్ళలో తన వాటా తాగకుండా దాచి ఆ మొక్కకు పోసేది. "గంజి తాగుతున్నాగా, నాకెందుకమ్మా నీళ్ళు? మోక్షంలో ఉన్న పిల్లకి పూలన్నా పూయొద్దూ" అనేది. ఆ మాట పట్టుకునే జసీంత బతుకుతోందని కత్రీనకు తెలుసు.

ఆ ఏడు ఈస్టరు ముందరి తపస్సుకాలం మొదట్లో కొత్త విచారణ గురువు వచ్చాడు. పేరు ఫిగరేదో ఫాదర్. కొచ్చి పట్నం మనిషి, సన్నటివాడు, కళ్ళద్దాలు. వస్తూనే పనులన్నీ మొదటి నుంచీ చూడాలన్నాడు. పాత ఫాదర్ ఏటా కత్రీనను పిలిచి జ్ఞానస్నానం మాట ఒకసారి అప్పజెప్పించుకుని పంపేసేవాడు. ఈయన ఈస్టరుకు వారం ముందు ఆవిడను బంగళా వసారాలో కూర్చోబెట్టి, తువ్వాలు చుట్టి చేతికిచ్చాడు.

"ఇది బిడ్డనుకోండి అమ్మచ్చీ. ఎలా ఇస్తారో చేసి చూపించండి."

"తువ్వాలుకి జ్ఞానస్నానం ఇచ్చేస్తే రేపు మీరు మొహం దేనితో తుడుచుకుంటారు ఫాదర్‌గారూ" అంది కత్రీన.

ఫాదర్ నవ్వాడు. ఆవిడ తువ్వాలును ఎడమ చేతి మీద పడుకోబెట్టుకుని, తల వైపు కాస్త వంచి, చెంబులోంచి మూడుసార్లు నీళ్ళు పారేలా పోసింది. పోస్తూనే మాట చెప్పింది. ఒక్క అక్షరం తొణకలేదు.

"సెమినరీలో మేం కూడా ఇంత నేర్పుగా చెయ్యలేదమ్మా" అన్నాడు ఫాదర్. నిజంగానే సంతోషించాడు. "నీళ్ళు ఎక్కడివి వాడతారు?"

"బావివి."

"ఎండల్లో బావులు ఉప్పు తిరుగుతాయన్నారుగా?"

"పడవ నీళ్ళుంటే అవి. అవీ లేకపోతే బోండం కొట్టిస్తాను." అది చెప్పేటప్పుడు కత్రీన వెన్ను నిటారైంది. తన పనితనంలో ఆవిడకు బాగా గర్వంగా ఉండే ముక్క అది. "మా అత్త నేర్పింది. ఆవిడా మంత్రసానే. మనిషి చెయ్యి పడని నీళ్ళు కదా ఫాదర్, దేవుడే మూత పెట్టి పంపినవి."

ఫాదర్ నవ్వు ఆగిపోయింది. 

"సముద్రం ఎంత దూరం అమ్మా ఇక్కడికి?"

"సముద్రమా? తెల్లారితే ఊరంతా పోయి కూర్చునే ఒడ్డు అది. నా మొగుణ్ణి మింగింది. ఆ ఉప్పునీళ్ళతోనా బిడ్డను దేవుడికిచ్చేది?"

"చెల్లేది" అన్నాడాయన మెల్లగా. "సముద్రం నీళ్ళు చెల్లేవి. ఉప్పు తిరిగిన బావి నీళ్ళు చెల్లేవి. కాయల్లో బురదనీళ్ళయినా చెల్లేవి. గుళ్ళో మేమే బిడ్డ నాలిక మీద ఉప్పు పెడతాం కదమ్మా. బోండంలో ఉన్నది నీళ్ళు కాదు, చెట్టు రసం. పాలు పోసినా తేనె పోసినా ఎలా చెల్లదో అదీ అంతే."

కత్రీనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళోని తడి తువ్వాలును గట్టిగా పట్టుకుంది.

"మరి నేను చెప్పిన మాట?"

"మాటా ఉండాలి, నీళ్ళూ ఉండాలి. రెండూ ఉంటేనే సంస్కారం."

"నా మనసులో ఏముందో దేవుడికి తెలీదా?"

"తెలుసు. మీ తప్పు కాదనీ తెలుసు. కానీ జరగనిది జరిగిందని నేననలేను."

"ఆ పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారు ఫాదర్?"

ఆయన కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే కత్రీనకు తిట్టుకోవడానికి ఒక మనిషైనా దొరికేవాడు. "దేవుడి చేతుల్ని సంస్కారాలు కట్టెయ్యలేదు అంటారు పెద్దలు. ఆయన దయకు దారులు ఇంకా ఉండొచ్చు. అంతకు మించి నాకు తెలీదమ్మా. తెలుసంటే అబద్ధమాడినట్టు."

తర్వాత ఆయన బతికినవాళ్ళ సంగతి అడిగాడు. బోండం నీళ్ళు పోశాక బతికి బట్టకట్టినవాళ్ళు ముగ్గురు. వాళ్ళను తర్వాత గుడికి తీసుకెళ్తే, జ్ఞానస్నానం రెండుసార్లు ఇవ్వకూడదు గనక పాత ఫాదర్లు నూనె రాసి, ఉప్పు పెట్టి ఊరుకున్నారు. తలమీద అసలు నీళ్ళు పడనే లేదు. అంటే ఆ ముగ్గురూ ఇన్నేళ్ళూ చెప్పుకున్న పాపసంకీర్తనం, తీసుకున్న సత్ప్రసాదం, ఏదీ నిలవలేదు. పునాది వెయ్యని గోడ మీద కప్పు వేసుకుంటూ పోయారు. అలాంటివాళ్ళుంటే తను గుట్టుగా నీళ్ళు పోస్తానని, పేర్లు చెప్పమని ఫాదర్ అడిగాడు. పోయినవాళ్ళ గురించి నోరెత్తనన్నాడు. తోటలో మట్టి కదిలించే మనిషిని కానన్నాడు.

"ఒక్క పూట టైమివ్వండి" అంది కత్రీన.

ఒక ఇంట్లో చేప వేగితే మూడిళ్ళకు వాసన కొట్టే ఊరు. పెరిగిన మనుషులు ముగ్గురు గుళ్ళో జ్ఞానస్నానం తొట్టి దగ్గరికి పోతే సంగతి దాగదు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు నెలలు లెక్కపెట్టుకుంటారు. అందరికన్నా ముందు జసీంత లెక్కపెడుతుంది. చెప్పకపోతే ఆ ముగ్గురూ వరప్రసాదం లేకుండానే బతికి, అలాగే చస్తారు. ఒకడు రోజూ సముద్రం మీదికి పోయే లోనన్. ఇంకొకతె ముగ్గురు పిల్లల తల్లి. మూడోది ఆలప్పుళలో మఠంలో కన్యాస్త్రీ.

ఆ సాయంత్రం జసీంత తన చెంబులో నీళ్ళు మల్లెమొక్కకు పోసి వచ్చి, "మొగ్గలేసిందమ్మా" అంది.  ఎవరూ బతకలేదని ఫాదర్‌కు చెప్పేద్దామనుకుంది కత్రీన. కానీ పొద్దున్న పూజ అయ్యాక బంగళాకు వెళ్ళి మూడు పేర్లూ చెప్పింది. బతికినవాళ్ళకు ఇంకా దారి ఉంది. పోయినవాళ్ళకు తను చెయ్యగలిగింది లేదు. అంతకన్నా పెద్ద ఆలోచన ఆవిడ చెయ్యలేదు.

ఈస్టరు దాటిన వారానికే లోనన్ కల్లుపాకలో బయటపెట్టాడు. "ముప్పై ఆరేళ్ళు నేను అన్యుణ్ణట్రా. నా పెళ్ళీ పెళ్ళి కాదేమో, మా ఆవిడని అడిగి చూడాలి, ఇప్పుడైనా వదిలేస్తుందేమో" అని అందర్నీ నవ్వించాడు. బోండం నీళ్ళ సంగతీ చెప్పాడు. మగవాళ్ళు నవ్వారు. ఆ మాట ఇళ్ళకు చేరాక ఎవరూ నవ్వలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం జసీంత వచ్చింది. కత్రీన గుమ్మంలో కూర్చుని కవళ్ళ చేపలు శుభ్రం చేస్తోంది.

"అమ్మా, లోనన్ ఎప్పుడు పుట్టాడు?"

"ఈస్టరు వెళ్ళిన రెండో వారం."

"నా లూసీ కూడా రెండో వారమే."

కత్రీన దగ్గర అబద్ధం సిద్ధంగా ఉంది. నీ పురుటికి మటుకు పడవ నీళ్ళు దాచిపెట్టానే, నా మనవరాలికి బోండం పోస్తానా. వారం రోజులుగా ఆ మాట లోలోపల అప్పజెప్పుకుంటూనే ఉంది. నోరు తెరిచింది.

"నాకు కత్తి దెబ్బలు వినబడ్డాయి" అంది జసీంత. "మూడు దెబ్బలు. నాలిక పిడచగట్టుకుపోయి ఉంది. అమ్మ నాకోసం బోండం కొట్టిస్తోంది అనుకున్నాను. నాకివ్వలేదు. అంత గొడవలో మరిచిపోయావులే అనుకుని ఇన్నాళ్ళూ అడగలేదు."

కత్రీన చేతిలోని చేపను గిన్నెలో వేసింది.

"అవేనా అమ్మా?"

"అవే."

జసీంత ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది కత్రీనకు. "సముద్రం నీళ్ళు చెల్లుతాయంటగా" అంది.

"చెల్లేవి. ఊపిరుండగా."

జసీంత ఆ చివరి మాట వినలేదో, విని లెక్కచెయ్యలేదో. మూల ఉన్న కుండ తీసుకుని ఒడ్డుకు నడిచింది. ముంచుకుని తిరిగి అదే దారిలో సమాధుల తోటకు పోయింది. కత్రీన వెనకే పరుగెత్తి గేటు దగ్గర ఆగింది. జసీంత ఆ సిలువ మీదా, మట్టి మీదా, మల్లెమొక్క మీదా కుండెడు ఉప్పునీళ్ళు కుమ్మరించింది.

"జసీంతా, పోయినవాళ్ళకు చెల్లదే తల్లీ."

జసీంత వెనక్కి తిరిగింది. "ఏది చెల్లుతుందో నీకేం తెలుసు?" అంది.

కత్రీనను అంత మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు.  ఆ రోజు నుంచి జసీంత తల్లితో మాట్లాడలేదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కుండతో తోటకు పోయేది. మూడో రోజుకు మొగ్గలు రాలాయి. ఎనిమిదో రోజుకు మల్లెమొక్క ఆకులన్నీ మాడి పుల్లలు మిగిలాయి. మిగతా తల్లుల్లో ఇద్దరు ముందు చెవులు కొరుక్కున్నారు, తర్వాత వాళ్ళూ కుండలు పట్టుకొచ్చారు. ఫాదర్ ఒకసారి గుడి మెట్ల మీద నిలబడి చూశాడు. ఆపుతాడేమోనని కత్రీన ఎదురుచూసింది. ఆయన లోపలికి వెళ్ళిపోయాడు.

ఆవిడను పురుళ్ళకు పిలవడం మానేశారు. కాయలు దాటించి ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. ఆవిడ ఇంట్లో కూర్చుని జపమాల తిప్పేది. దారిన పోయేవాళ్ళు ఇదివరకులా గుమ్మం దగ్గర ఆగేవాళ్ళు కాదు.

వానలు ఇంకా మొదలుకాకముందు ఒక రోజు, లోనన్ భార్యకు నెల తక్కువగా నొప్పులొచ్చాయి. పడవ సిద్ధం చేసే వ్యవధి లేదు. లోనన్ పరుగున వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "నా బొడ్డు కోసింది నువ్వే కదమ్మచ్చీ, లే" అన్నాడు. ఆ మాటకు కత్రీన లేచింది.

మగబిడ్డ. నీలంగా ఉన్నాడు. వీపు తట్టింది, నోట్లో జిగురు తీసింది, కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తింది. చిన్న మూలుగు వచ్చింది. రెండో మూలుగుకు చాలా సేపు పట్టింది. ఆ ఎడం ఎంతుంటే బిడ్డ పోతుందో ఆవిడకు బాగా తెలుసు.

"నీళ్ళు" అని అరిచింది. "ఏ నీళ్ళయినా సరే, తొందరగా."

ఇంట్లో కుండ అడుగంటి ఉంది. లోనన్ తల్లి బావి వైపు పరుగెత్తింది. అదే సమయానికి వీధిలో జసీంత నిండు కుండతో తోటకు పోతోంది. కేక విని ఆగింది. తల్లి గొంతు ఆమెకు తెలుసు. ఒక్క క్షణం వీధిలోనే నిలబడిపోయింది. తర్వాత లోపలికి వచ్చి, కుండను తల్లి పక్కన పెట్టింది.

కత్రీన దోసిలి ముంచింది. మాట తొణకలేదు. మూడుసార్లు పోసింది. ఉప్పునీళ్ళు బిడ్డ నుదుటి మీదుగా జారి ఆవిడ ఒడి తడిపాయి. బిడ్డకు ఇంకో మూలుగు వచ్చింది. ఆ తర్వాత రాలేదు.

లోనన్ భార్య వెక్కి వెక్కి ఏడుస్తోంది. జసీంత వంగి ఆ బిడ్డను చూసింది.

"చెల్లిందా అమ్మా?" అంది. తోటలో ఆ మధ్యాహ్నం తర్వాత ఆమె తల్లితో అన్న మొదటి మాట అది.

"చెల్లింది."

జసీంత చాలాసేపు ఆ తడిసిన చిన్న నుదురునే చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత కుండలో మిగిలిన నీళ్ళు ఒలక్కుండా చంకకెత్తుకుని, సమాధుల తోటకు వెళ్ళింది.