కండక్టరుకు టికెట్

పంపులో ప్రాణం లేదు. అయినా బ్రహ్మయ్య రోజూలాగే దాని మూతిని గుడ్డతో తుడిచి కొక్కేనికి తగిలించాడు.

నాలుగు పంపులూ అయ్యాయి. అద్దాలు తుడిచే బకెట్లో నీళ్లు మార్చాడు. శాండీ తుఫాను మోసుకొచ్చి పడేసిన ఆకుల్నీ, ఎవరి ఇంటి కప్పుదో ఒక రేకు ముక్కనీ ఊడ్చి మూలకు చేర్చాడు. తుఫాను వెళ్లి మూడో రోజు. జెర్సీ సిటీలో ఈ వైపంతా ఇంకా చీకటే. కాళ్ల కింద ట్యాంకులో వేల గ్యాలన్ల పెట్రోలుంది. పైకి తోడే కరెంటు లేదు.

అరవై రెండేళ్ల మనిషి. పొట్టి. ఎడమ భుజం కొంచెం కిందికి వాలి ఉంటుంది. తెనాలి డిపోలో ఇరవై ఏళ్లు కండక్టరుగా తోలుసంచీ మోసిన భుజం అది. బావమరిది వేసిన వీసా పిటిషన్ ఎన్నో ఏళ్లు నానిన తర్వాత, నలభై ఎనిమిదో ఏట భార్యతో ఇక్కడ దిగాడు. న్యూజెర్సీలో ఎవరి కారుకు వాళ్లు పెట్రోలు పోసుకోకూడదు, చట్టం ఒప్పదు. ఇంకొకరు పొయ్యాలి. ఆ ఇంకొకరే బ్రహ్మయ్య.

కస్టమర్లు అద్దం నాలుగు వేళ్లంత దించి కార్డు అందిస్తారు. ఎవరూ మొహం చూడరు. అతను పోస్తాడు, మూత బిగిస్తాడు, కారు వెనక రెండు దెబ్బలు చరిచి, "రైట్! రైట్!" అంటాడు. దేశం మారింది గాని ఆ కేక మారలేదు. నడుముకు వేలాడే తాళాల గుత్తిలో టికెట్లకు చిల్లులు కొట్టే పాత పంచ్ కూడా అలాగే ఉండిపోయింది. రిటైరైన ఇన్‌స్పెక్టరు ఒకాయన, ఉంచుకోవయ్యా అని ఇచ్చేశాడు.

జేబులో ఫోను మోగింది. భార్య లక్ష్మీకాంతం.

"ఏవండీ, ప్యాటర్సన్ డయాలిసిస్ సెంటర్ వాళ్లు ఫోన్ చేశారు. అక్కడ కరెంటుందట. ఐదింటి లోపల వస్తే ఆఖరి షిఫ్టులో పెడతామన్నారు."

"మొహం వాపు తగ్గిందా?"

"తగ్గడమా? అద్దంలో చూసుకుంటే మా మేనత్త కనిపిస్తోంది."

అతనికి నవ్వు రాలేదు. మంగళవారం జరగాల్సిన డయాలిసిస్ తప్పిపోయింది. దగ్గరున్న సెంటర్‌లోకి నీళ్లొచ్చాయి. బస్సుల్లేవు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే, ఊపిరి ఆడుతోందిగా, ఆగండన్నారు. తన పాత కరోలాలో పెట్రోలు ముల్లు అడుగుకు అంటుకుని ఉంది. వీధి చివరిదాకా వెళ్తుందేమో. ప్యాటర్సన్ మాత్రం వెళ్లదు.

"కాంతం, నువ్వు స్వెట్టరేసుకుని రెడీగా ఉండు," అన్నాడు.

"కారు ఏం తాగి నడుస్తుందట?"

"చూస్తాను."

ఎలా చూస్తాడో అతనికే తెలియదు. చీపురు గోడకు ఆనించి బయల్దేరాడు.

* * *

ఆంజనేయస్వామి గుడి పది నిమిషాల నడక. ఒకప్పుడు టైర్ల షాపు. గుడి వెనక, చక్రాల బండి మీద, పసుపురంగు డీజిల్ జనరేటర్ గుడగుడలాడుతోంది. పోయినేడాది ప్రతిష్ఠకు చందాలు వేసుకుని కొన్నది. బేస్‌మెంట్లలో నీళ్లు చేరి రోడ్డున పడ్డవాళ్లు హాల్లో దుప్పట్ల మీద ఉన్నారు. తెలుగువాళ్లు, గుజరాతీలు, మూడు స్పానిష్ కుటుంబాలు. వంటగదిలోంచి పులిహోర పోపు వాసన.

కమిటీ ప్రెసిడెంట్ అనంతరామయ్య ఫోన్లో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. బ్రహ్మయ్య ఎదురుగా నిలబడ్డాడు. ప్రతి ఆదివారం ఈ గుడిలో వెనక వరసలో కూర్చుంటాడు. ప్రతి సోమవారం ఆయన కారుకు పెట్రోలు పోస్తాడు. అయినా ఆయన గుర్తుపట్టలేదు.

"చెప్పండి, మీరు..."

"బ్రహ్మయ్యనండి. మూల మీద పెట్రోలు బంకులో పని. ట్యాంకు నిండుగా ఉందండి. తోడ్డానికే కరెంటు లేదు. ఓనరుకు ఫోన్ చేస్తే నీ ఇష్టం అన్నాడు. ఈ జనరేటర్ ఒక్కపూట ఇప్పిస్తే..."

"జనరేటరా! హాల్లో నలభై మంది ఉన్నారు సార్. రాత్రికి హీటర్లు ఉండాలి. ముసలివాళ్లు, చంటిపిల్లలు. ఎలా ఇస్తాం?"

"రాత్రికి కాదండి. పగలు."

"అది మధ్యలో పాడైతే? కమిటీకి ఎవరు ఆన్సర్ చేస్తారు?"

ఆయన తప్పేం లేదు. బ్రహ్మయ్యకు ఆ సంగతి తెలుస్తూనే ఉంది. మా ఆవిడకు ఒంట్లో బాగోలేదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆగిపోయింది. తనకోసం చెయ్యి చాపడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు.

అర్చకుడు మోహనాచార్యులు గర్భగుడిలోంచి బయటికొచ్చాడు. చేతిలో నూనె గిన్నె.

"అనంతరామయ్యగారూ, భోజనాలు పంచే మన వ్యాన్లు ఎందుకు ఆగిపోయాయి?"

"పెట్రోలు లేక."

"ఆస్పత్రికి వెళ్లాల్సినవాళ్లు ఎందుకు వెళ్లలేకపోతున్నారు?"

"పెట్రోలు లేకే స్వామీ, కానీ..."

"మందు కోసం కొండనే మోసుకొచ్చిన స్వామి మన స్వామి. ఆయన జనరేటర్‌ని నాలుగు వీధులు దాటించడానికి తీర్మానం కావాలా? ఆయనకు నూనె దీపం చాలు. నేను చూసుకుంటాను."

అనంతరామయ్య ఫోన్ జేబులో పడేశాడు.

"నాలుగింటిదాకా. నాలుగు కొట్టగానే నేనే వచ్చి తీసుకెళ్తాను. పదండి, ఎవరి వ్యాన్‌కి హుక్ ఉంది?"

* * *

జనరేటర్ వస్తోందన్న మాట దానికంటే ముందే బంకుకు చేరింది. వీధి మలుపు దాటి కార్లు. డబ్బాలు పట్టుకున్న మనుషులు. ఇద్దరు పోలీసులు. రోజూ కాఫీకొచ్చే ఎలక్ట్రీషియన్ హెక్టర్ అప్పటికే మీటర్ పెట్టె తెరిచి వైర్లు పట్టుకుని కూర్చున్నాడు.

"హేయ్, రైట్-రైట్! ఒక్క పంపు. అంతకంటే ఇది లాగదు," అన్నాడు ఇంగ్లీషులో.

"వన్ ఈజ్ ఇనఫ్," అన్నాడు బ్రహ్మయ్య.

నిన్న పక్క ఊళ్లో ఒక బంకు దగ్గర వరస తప్పారని కొట్టుకున్నారు. ఒకడికి తల పగిలింది. ఇక్కడ అలా జరగకూడదు. బ్రహ్మయ్య షాపులోకి వెళ్లి సోడా డబ్బాల ఎర్ర అట్టపెట్టెలు చింపాడు. కారుకు ఇరవై డాలర్ల చొప్పున నాలుగింటి లోపల ఎన్ని కార్లకు పొయ్యగలడో లెక్క వేశాడు. అన్నే ముక్కలు కోశాడు. పంచ్ తీసి ఒక్కో ముక్కకు టక్కున చిల్లు కొడుతూ వరస వెంట నడిచాడు. కారు తర్వాత కారు. టక్. టక్. రద్దీ బస్సులో మనుషుల మధ్య నడిచినట్టే నడిచాడు. భుజం దానంతటదే వాలింది.

ఇంటికి పరుగెత్తి, మిగిలిన చుక్కల మీద కరోలాను నడిపించుకొచ్చి వరసలో ఆఖరున నిలిపాడు. చివరి ఎర్రముక్క దాని వైపరు కింద పెట్టాడు.

పక్క సీట్లో లక్ష్మీకాంతం దాన్ని చూసింది. "పద్నాలుగేళ్లు ఊరందరికీ పోశారు. మన కారు మాత్రం చివర్న."

"పోసేవాడే ముందు పోసుకుంటే వెనకున్నవాళ్లు ఊరుకోరు కాంతం. మూడున్నరకు మన వంతు. గంటలో ప్యాటర్సన్. సరిపోతుంది."

"సరే వెళ్లండి. మీ బస్సు కదలాలిగా."

హెక్టర్ స్విచ్ వేశాడు. జనరేటర్ గొంతు సవరించుకుంది. పంపు మీద ఎర్ర అంకెలు ఒక్కసారి వెలిగాయి.

వీధి వీధంతా కేక వేసింది. హారన్లు. చప్పట్లు. ఎవరో ముసలాయన టోపీ గాల్లోకి విసిరాడు. మొదట ఫైరింజను. తర్వాత గుడి వ్యాన్లు. తర్వాత మొదటి ఎర్రముక్క.

"రైట్! రైట్!"

చేతులకు పట్టరాని ఊపు వచ్చింది. పొయ్యడం, మూత, రెండు చరుపులు, కేక. కార్లలో వాళ్లు ఇవాళ అద్దం పూర్తిగా దించుతున్నారు. మొహం చూస్తున్నారు. "గాడ్ బ్లెస్ యూ," అంటున్నారు. ఒకామె అతని చేతిలో వేడి వేడి బ్రెడ్డు పెట్టింది. ఎవరో తమ కారులోని డైపర్ల ప్యాకెట్ వెనక కారుకు పంపారు. మోహనాచార్యులు పంచె ఎగ్గట్టి, పులిహోర పొట్లాలు వరస వెంట పంచుతూ వెళ్తున్నాడు. ఒక స్పానిష్ కుర్రాడు మిరపకాయ కొరికి గంతులేస్తే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

రెండు దాటింది. అప్పుడు జనరేటర్ దగ్గింది. మళ్లీ దగ్గింది. ఆగిపోయింది.

అంకెలు ఆరిపోయాయి.

హెక్టర్ పరుగెత్తుకొచ్చి మూత విప్పాడు. ఫిల్టర్లో మడ్డి. విప్పాలి, కడగాలి, బిగించాలి. బ్రహ్మయ్య గోడ గడియారం చూశాడు. అది కరెంటు పోయిన రోజే ఆగిపోయింది. చేతి గడియారం మాత్రం ఆగట్లేదు. రెండున్నర. మూడు. వరస చివర కరోలా కనిపించడం లేదు. అందులో ఉన్న మనిషి ఊపిరి ఎలా ఉందో తెలియదు.

మూడుంపావుకు మళ్లీ గుడగుడ. మళ్లీ చప్పట్లు. బ్రహ్మయ్య పంపు అందుకున్నాడు గానీ లెక్క తేలిపోయింది. నాలుగింటిలోపల చివరిదాకా అందదు. అయినా చెయ్యి ఆగలేదు. "రైట్! రైట్!" అన్నాడు. ఈసారి ఆ కేకలో బలం లేదు.

పంపు దగ్గరికి తెల్ల కారు వచ్చింది. నీహారిక. మన్‌హట్టన్‌లో ఉద్యోగం. ప్రతి సోమవారం ఫోన్లోంచి తలెత్తకుండా, "ట్వంటీ రెగ్యులర్" అని ఇరవై డాలర్ల పెట్రోలు అడిగే అమ్మాయి. తుఫాను రాత్రి ఆఫీసులోనే చిక్కుకుపోయింది. రెండేళ్ల కూతురు ఎడిసన్‌లో అత్తగారి దగ్గరుంది. మూడు రోజులుగా చూడలేదు. ఆ సంగతి పొద్దుటి నుంచి వరసలో అందరికీ చెప్పింది. సంతోషం ఆగక మళ్లీ చెప్పింది, "అంకుల్, ఇంకో గంటలో నా కూతుర్ని ఎత్తుకుంటాను!"

అప్పుడే మోహనాచార్యులు వరస చివర్నుంచి దాదాపు పరుగెత్తుతూ వచ్చాడు. ఖాళీ బుట్ట చంకలో ఉంది.

"ఏమయ్యా! ఆ చివరి కారులో ఉన్నది మీ ఆవిడా? పొట్లం ఇస్తే, ఉప్పు తినకూడదు స్వామీ, ఐదింటికి డయాలిసిస్‌కి వెళ్లాలి అంది. మొహం అంత వాచిపోయి ఉంది. ఊపిరి అందట్లేదు. పొద్దున్న నా ఎదురుగా నిలబడి ఒక్క ముక్క చెప్పలేదేం?"

బ్రహ్మయ్య పంపు గొట్టం వైపు చూశాడు. "అందరికీ పనులే కదండీ."

నీహారిక కారు దిగింది. ఆమె అతని నడుముకు వేలాడుతున్న తాళాల గుత్తి అందుకుని పంచ్ తప్పించింది. తన ఎర్రముక్కకు రెండో చిల్లు కొట్టి అతని అరచేతిలో పెట్టింది.

"టికెట్ తీసుకోండి అంకుల్."

"నీ పాప..."

"పాప అక్కడ అన్నం తిని నిద్రపోతోంది. నాకోసం ఏడవట్లేదు కూడా, దొంగమొహం. మీరు ముందు కారు తెప్పించండి."

"అది స్టార్టవదమ్మా. చుక్క లేదు."

"అయితే తోస్తే సరి!" అంది. చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తింది.

వెనక ఎవరెవరు కదిలారో బ్రహ్మయ్య చూడలేదు. హెక్టర్ వెళ్లాడు. పోలీసు వెళ్లాడు. పులిహోర మిరపకాయ కొరికిన కుర్రాడు, ఒక గుజరాతీ షావుకారు, డైపర్లు పంపినామె వెళ్లారు. వీధి మలుపులో ముందు జనం కనిపించారు. తర్వాత వాళ్ల మధ్య కరోలా. ఆపి ఉన్న కార్ల వరస పక్కనుంచి నెమ్మదిగా, ఊగుతూ, ఒక రథం వచ్చినట్టు వస్తోంది. గుడి వ్యాన్లవాళ్లు, "జై ఆంజనేయా!" అన్నారు. అర్థం తెలియనివాళ్లు కూడా అన్నారు. లోపల లక్ష్మీకాంతం మొహానికి పైట అడ్డం పెట్టుకుంది.

"ఏవిటండీ ఈ ఊరేగింపు! దించమనండి నన్ను!" అంటోంది. నవ్వుతోంది. కళ్లు తుడుచుకుంటోంది.

బ్రహ్మయ్య తన కారుకు తనే పెట్రోలు పోశాడు. తొందరలో కాస్త బూటు మీద ఒలికింది.

అనంతరామయ్య వ్యాన్ వచ్చి ఆగింది. జనరేటర్ కోసం. ఆయన దిగి, కారులో ఉన్న మనిషినీ, వరసలో మిగిలిన ఎర్రముక్కల్నీ చూశాడు. వ్యాన్ హుక్ మీంచి చెయ్యి తీసేశాడు.

"ఇంకో గంట ఉండనీ. పెద్దవాళ్లకి నా ఇంట్లోంచి దుప్పట్లు తెప్పిస్తాను," అన్నాడు. "బ్రహ్మయ్యగారూ, మీరు వెళ్లండి."

ఆయన తన పేరు పిలవడం బ్రహ్మయ్య మొదటిసారి విన్నాడు.

"మరి పంపు?"

నీహారిక గొట్టం అందుకుంది. చట్టప్రకారం తప్పు. పోలీసు ఆకాశంలోకి చూశాడు. ఆమె వరస చివరికి వెళ్లబోతే వెనక కారాయన ఒప్పుకోలేదు. ముందు నీ కారు నింపుకో, తర్వాత మా అందరికీ పొయ్యి అన్నాడు. బ్రహ్మయ్య స్టీరింగు పట్టుకున్నాడు. కారు వెనక రెండు దెబ్బలు పడ్డాయి.

"రైట్! రైట్!" అని అరిచింది నీహారిక.

పద్నాలుగేళ్లలో ఆ మాట అతనికి ఇంకొకరు చెప్పడం అదే మొదలు. ప్యాటర్సన్‌కు ఐదింటికి పది నిమిషాల ముందే చేరారు.

లక్ష్మీకాంతం ఆ చలికాలమంతా బతికింది. ప్రతి ఆదివారం గుడికొచ్చి ముందు వరసలో కూర్చునేది. నీహారిక రెండేళ్ల పాప ఆమె ఒళ్లోకి ఎక్కి గాజులు లెక్కపెట్టేది. మార్చిలో, మంచు కరుగుతున్న ఒక తెల్లవారుజామున, నిద్రలోనే వెళ్లిపోయింది. మే నెలలో బ్రహ్మయ్య తెనాలి వెళ్లిపోయాడు. ఏ రోజు బయల్దేరాడో ఎవరికీ చెప్పలేదు.

గుడి వెనక జనరేటర్ ఇప్పటికీ ఉంది. దాని పిడికి పసుపుదారంతో ఒక పాత టికెట్ పంచ్ కట్టి ఉంది. దాని పళ్ల మధ్య ఆఖరి చిల్లు తాలూకు ఎర్ర అట్టముక్క చిన్నది, గుండ్రంగా, అలాగే ఇరుక్కుని ఉంది.